గుంపు ముందు, గురి తర్వాత

2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన విజయవాడ కుర్రాడు బొమ్మదేవర ధీరజ్ కెనడా ఆటగాడు ఎరిక్ పీటర్స్ చేతిలో ఓడిపోయాడు. ఐదు సెట్లయ్యేసరికి ఇద్దరూ సమానం. చెరో బాణం వేయమన్నారు. ఇద్దరూ పదిలోనే కొట్టారు. నడిబొడ్డుకు ఎవరి బాణం దగ్గరుంటే వాళ్లదే గెలుపు. పీటర్స్‌ది దగ్గరుంది. ధీరజ్ వ్యక్తిగత పోటీ అక్కడితో ముగిసింది. 70 మీటర్ల దూరంలో, 12.2 సెంటీమీటర్ల వలయం లోపల, రెండు బాణాల మధ్య ఉన్న కాస్త ఎడమే ఏళ్ల తరబడి చేసిన సాధనకు లెక్క తేల్చింది.

ఇలాంటి ఓటమిని టీవీలో చూసి మనవాళ్లు మూడే మాటలంటారు: టెన్షన్ పడ్డాడు, ఏకాగ్రత తప్పింది, రాత బాగాలేదు. వ్యక్తిత్వ వికాసం చెప్పేవాళ్లు కూడా ఎక్కువగా రెండో మాట దగ్గరే ఆగిపోతారు. అర్జునుడు, పిట్ట కన్ను వరసగా వచ్చేస్తాయి. ద్రోణుడు పెట్టిన పరీక్షలో అర్జునుడికి ఏం కనిపించిందో చెప్పని ఉపన్యాసకుడు లేడు. అతని చేతిలో బాణం నిటారుగా ఉందా లేదా అని అడిగినవాడూ లేడు. ఈ అధ్యాయం ఆ ప్రశ్న గురించే. ధీరజ్‌లాంటి ఆటగాడి బాణాలు సరిచూసుకోవడానికి చుట్టూ తెలిసినవాళ్లుంటారు. మన పిల్లల బాణాలు ఎవరు చూస్తున్నారు?

నందిగామ, జగ్గయ్యపేట వైపు మెట్ట ఊళ్లనే దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. విలువిద్యలో విజయవాడకు ఉన్న పేరు చిన్నది కాదు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో రజతం తెచ్చిన కాంపౌండ్ (కప్పీల విల్లు) పురుషుల జట్టులోని చిట్టిబొమ్మ జిజ్ఞాస్ మనవాడే. తర్వాత జ్యోతి సురేఖ, ధీరజ్ వచ్చారు. అయితే నందిగామ నుంచి విజయవాడ యాభై కిలోమీటర్లు, పేట నుంచి ఇంకా ఎక్కువ. స్కూలున్న రోజు పిల్లాణ్ణి బస్సెక్కించి కోచ్ దగ్గరికి పంపడం అయ్యే పని కాదు. ఆదివారం కోచ్, మిగతా ఆరు రోజులు పత్తి తీసేసిన చేలో ఒంటరి సాధన. ఆ ఆరు రోజులూ తప్పు చేతిదో సరంజామాదో చెప్పే మనిషి పక్కన ఉండడు. ఆ మనిషి పని పిల్లాడే చేసుకోవాలి. నేర్చుకుంటే కష్టమేమీ కాదు.

ఒక్క మాట అమెరికా రివాల్వర్ల గురించి చెప్పి అసలు సంగతికి వస్తాను, ఎందుకంటే ఈ పద్ధతి అక్కడ బాగా నలిగింది. అక్కడి వేటగాళ్లలో తూటాలు కొనకుండా సొంతంగా నింపుకునేవాళ్లు చాలామంది. కంపెనీ తూటా ఆ సైజు తుపాకులన్నిటికీ సరిపోయేలా తయారవుతుంది. చేత్తో నింపుకున్నది ఆ ఒక్క తుపాకీ కోసమే. రివాల్వర్‌లో మరో చిక్కు ఉంది. దాని సిలిండర్‌లో సాధారణంగా ఆరు గదులు, ఆరూ అచ్చుగుద్దినట్టు ఉండవు. అందుకని పట్టింపు ఉన్నవాడు గదులకు నంబర్లు వేస్తాడు. ఏ గది నుంచి వెళ్లిన తూటా ఎక్కడ తగిలిందో కాగితం మీద రాసుకుంటాడు. మూడో గది తూటా ప్రతిసారీ పక్కకు పోతోందని తేలితే తన చెయ్యిని తిట్టుకోడు, మూడో గదిని చూస్తాడు. ఇడాహోలో పశువుల కాపరిగా బతికిన ఎల్మర్ కీత్ ఇలా నింపి, కాల్చి, రాసుకుంటూ పోయాడు. మొదట్లో అతని .45 రివాల్వర్ ఒకటి చేతిలోనే పేలింది కూడా. అక్కణ్ణుంచి .44 స్పెషల్‌కు మారాడు. దాని మీద అతను చేసిన కృషి, పెట్టిన పోరు వల్లే స్మిత్ అండ్ వెసన్, రెమింగ్టన్ కంపెనీలు కలిసి 1955లో .44 మాగ్నమ్ తెచ్చాయి.

ఆ పని మనకు కుదరదు, కుదరకపోవడమే మంచిది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట కూడా నేరమే. మెట్టలో అడవిపందులు చేలు పాడుచేస్తుంటే నాటు తుపాకీలో మందు కూరేవాళ్లున్నారు. ఆ మందు పందినీ మనిషినీ ఒకేలా చూస్తుంది. విల్లుతో కొట్టొచ్చా అని అడిగేవాళ్లకూ జవాబు అదే: కొట్టకూడదు. బాణం పోవాల్సింది కాగితం మీదికి. తూటా నింపేవాడి శ్రద్ధ మాత్రం మనకు పూర్తిగా పనికొస్తుంది. చిత్రమేమంటే తూటానూ బాణాన్నీ తూచేది ఒకే కొలతతో, గ్రెయిన్లలో. గ్రాముకు సుమారు 15.4 గ్రెయిన్లు.

ఇక అసలు సంగతి. పిల్లాడు ఆరు బాణాలు వేశాడనుకోండి. ఒకటి నడిబొడ్డున తగిలింది, మిగతా ఐదూ తలో దిక్కు. నాన్న ఆ ఒక్క బాణాన్ని ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్ పెడతాడు. పక్క పిల్లాడి ఆరు బాణాలూ ఎడమ కింద మూలలో, అరచెయ్యంత జాగాలో పడ్డాయి. ఒక్కటీ నడిమి పసుపులో లేదు. వాడి నాన్న మొహం వేలాడేశాడు. నన్నడిగితే రెండో నాన్నే స్వీట్లు పంచాలి. ఆరు బాణాలు ఒకచోట పడ్డాయంటే చెయ్యి ఒకటే పని ఆరుసార్లు చేసింది, ఆరు బాణాలూ ఒకేలా ఎగిరాయి. విల్లు మీద గురి చూసే సైట్‌ను కాస్త ఎడమకు, కాస్త కిందికి జరిపితే గుంపు గుంపంతా పసుపులోకి నడిచొస్తుంది. అవును, బాణాలు పోతున్న వైపుకే సైట్ జరపాలి. కొత్తవాళ్లు ఇక్కడే తికమకపడి ఎదురు దిక్కుకు తిప్పుతారు. మొదటి పిల్లాడికి మాత్రం ఏ స్క్రూ తిప్పినా లాభం లేదు. వాడి పది పొరపాటున వచ్చింది.

అందుకే ముందు గుంపు కుదరాలి, గురి తర్వాత. గుంపు కుదరాలంటే అంబులపొదిలో ఉన్నవన్నీ ఒకే బాణం కావాలి. ఒకే కంపెనీ, ఒకే సైజు అయితే సరిపోదు. తూకంలో, వంపులో, తోకలో, ములుకులో తేడా లేకుండా ఉండాలి. అది కొంటే రాదు, కూర్చుని చేసుకోవాలి.

తూకంతో మొదలుపెట్టండి. పేట బజార్లో బంగారం కొట్టుకు వెళ్లి, జనం లేని వేళ చూసి, ఈ ఆరు బాణాలు తూచిపెట్టండి బాబాయ్ అని అడిగితే కాదనరు. 10 మిల్లీగ్రాముల తేడా చూపే కాటా మనకు ఎక్కువే. 350 గ్రెయిన్ల బాణాల్లో ఒకటి 5 గ్రెయిన్లు బరువెక్కువ ఉందనుకుందాం. అంటే గ్రాములో మూడో వంతు, చేతికి తెలియదు. కానీ కాంపౌండ్ విల్లు నుంచి ఆ బాణం కాస్త మెల్లగా బయల్దేరి, 50 మీటర్ల దగ్గర రెండు సెంటీమీటర్ల దాకా కిందికి దిగుతుంది. 50 మీటర్ల కాంపౌండ్ టార్గెట్‌లో పది వలయం అడ్డకొలత 8 సెంటీమీటర్లు. దాని లోపల, అందులో సగం అడ్డకొలతతో ఉన్న చిన్న వలయం ఎక్స్. నడిమధ్యకు గురిపెట్టి, చెయ్యి ఏ తప్పూ చేయకుండా వదిలినా ఆ బాణం ఎక్స్ అంచు దాకా దిగిపోయింది. ఇక చెయ్యి చేసే తప్పుకు చోటెక్కడ?

తూకం అయ్యాక వంపు. విలుకాళ్లు దీన్ని స్పైన్ అంటారు. నారి తోసినప్పుడు షాఫ్ట్, అంటే బాణం కాడ, వంగి, తేరుకుని, మళ్లీ వంగుతూ ఎగురుతుంది. ఒకటి ఎక్కువగా ఒకటి తక్కువగా వంగితే దారులు వేరవుతాయి. దీన్ని కొలిచే యంత్రం ఖరీదైనదే గానీ ఇంట్లో గోడ చాలు. గోడకు రెండు మేకులు, వాటి మధ్య 28 అంగుళాలు. షాఫ్ట్‌ను మేకుల మీద ఆనించి, సరిగ్గా నడుమ 880 గ్రాముల బరువు వేలాడదీయండి. లీటరు సీసాలో నీళ్లు పోసి, సీసా, తాడుతో కలిపి అంత తూగేలా చూసుకుంటే సరి. నడుమ ఎంత కిందికి దిగిందో కొలవండి. అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు దిగితే అది 500 స్పైన్. నంబరు తగ్గేకొద్దీ షాఫ్ట్ గట్టిది. మంచి కార్బన్ షాఫ్టుల్లో తేడా పెద్దగా ఉండదు. చెక్క విల్లుతో ఇండియన్ రౌండ్ ఆడే పిల్లల వెదురు బాణాలకు మాత్రం ఈ గోడ పరీక్ష కళ్లు తెరిపిస్తుంది. డజను వెదురు బాణాలు కొంటే అందులో నిజంగా జతకూడేవి నాలుగో ఐదో తేలతాయి. వెదురును మేకుల మీద తిప్పితిప్పి చూస్తే ఒక పక్క గట్టిగా, ఒక పక్క మెత్తగా ఉంటుంది. గట్టి పక్క విల్లు వైపుకు వచ్చేలా గాడి పెట్టుకోవాలి. మెత్త బాణాలన్నీ ఒక కట్ట, గట్టివన్నీ ఒక కట్ట. రెండు కట్టలూ కలపొద్దు.

ములుకు అతికించేటప్పుడు చేసే తప్పు ఒకటుంది. వేడి జిగురు వాడేవాళ్లు మంట మీద కార్బన్ షాఫ్ట్‌ను కాల్చేస్తారు. కార్బన్‌ను పట్టి ఉంచేది రెసిన్. అది కాలితే షాఫ్ట్ పైకి బాగానే కనిపిస్తుంది, లోపల సత్తువ పోతుంది. వేడి చేయాల్సింది ములుకును, అదీ జిగురు కరిగేంత వరకే. మే నెలలో మన మెట్ట ఎండకు, తలుపులు మూసిన కారులో వదిలేసిన విల్లుకు నారి సాగుతుంది, జిగురు మెత్తబడి ములుకులు ఊడి టార్గెట్‌లోనే ఉండిపోతాయి. మధ్యాహ్నం బాణాలన్నీ ఉన్నట్టుండి కిందికి పోతుంటే పిల్లాడి భుజం కంటే ముందు కారు డిక్కీని అనుమానించండి.

తోకకుండే ప్లాస్టిక్ గాడిని నాక్ అంటారు. నారికి అది చిన్న చప్పుడుతో కూర్చోవాలి. విల్లును కిందికి పట్టుకుంటే బాణం జారిపడకూడదు, నారి మీద వేలితో తడితే ఊడిరావాలి. ఒకటి బిగుతు, ఒకటి వదులు అయితే నారిని వదిలే క్షణం మారిపోతుంది. ఇది చూడ్డానికి రెండు నిమిషాలు పట్టదు. అయినా ఎవరూ చూడరు.

ఇప్పుడు రివాల్వర్ వాడి తెలివి. బాణాల మీద ఒకటి నుంచి ఆరు దాకా నంబర్లు వేయండి. పోటీల్లో బాణం మీద పేరో ఇనీషియల్సో ఉండాలన్నది నియమం, నంబరు దాని పక్కనే సరిపోతుంది. నోటుబుక్కులో టార్గెట్ బొమ్మ గీసి, ప్రతి రౌండ్ తర్వాత ఏ నంబరు ఎక్కడ పడిందో ఆ నంబరే వేసుకోండి. మొదటి రౌండ్‌లో నాలుగో నంబరు ఎడమకు పోయింది. పోనివ్వండి, ఎవరి చెయ్యైనా తప్పుతుంది. రెండో రౌండ్‌లో దాన్ని చివర్న వేశారు, మళ్లీ ఎడమకే. మూడోసారి మొదటే వేశారు, మళ్లీ అక్కడికే. ఇక అది చెయ్యి కాదు. ఆ బాణాన్ని ఎండకు ఎత్తిపట్టి చూడండి. వేన్ (తోక దగ్గరి ఈక) అంచు లేచి ఉంటుంది, లేదా నాక్ మొదట్లో వెంట్రుకంత పగులు కనిపిస్తుంది. గోళ్ల మీద ఆనించి బొంగరంలా తిప్పితే గోటికి అదురు తెలిస్తే ములుకు వంకర. నాక్ మార్చి మళ్లీ వేయండి. గుంపులోకి వస్తే ఉంచండి. రాకపోతే దాన్ని సాధన బాణంగా కూడా వాడొద్దు. అది రోజూ మీ చేతికి అబద్ధం చెబుతుంది. మీరు దాన్ని నమ్మి, బాగున్న చెయ్యిని దిద్దుకోవడం మొదలుపెడతారు. నా లెక్కలో సగం మంది పిల్లల ఫామ్ చెడేది ఇలాగే.

కాగితం పరీక్ష అని మరోటుంది. చట్రానికి న్యూస్‌పేపర్ బిగించి, దానికి వెనక అట్ట పెట్టుకుని, రెండు మీటర్ల దూరం నుంచి ఒక బాణం వేయండి. ములుకు పడిన చోట చిన్న బొక్క, దాని చుట్టూ ఈకల గాట్లు ఉంటే బాణం తిన్నగా పోతోంది. ములుకు బొక్క కింద, ఈకల చీలిక పైన ఉంటే తోక పైకెత్తి ఎగురుతోందన్నమాట. నారి మీద నాక్ కూర్చునే చోటును రవ్వంత కిందికి దించి మళ్లీ చూడండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. నాక్ చోటూ, బాణం ఆనే రెస్టూ, సైటూ మూడూ ఒకే సాయంత్రం కదిపినవాడికి గుంపు బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు, చెడినా తెలియదు. మార్చాక మూడు బాణాలు వేసి తీర్పు చెప్పడం కూడా వద్దు. ఆరేసి చొప్పున కనీసం మూడు రౌండ్లు వేయండి, గాలి ఎటు వీస్తోందో పక్కన రాసుకోండి. ఓపిక లేనివాళ్లకు ఈ పని అచ్చిరాదు. ఓపిక నేర్చుకోవాలనుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి బడి లేదు.

భద్రత మాట. టార్గెట్‌గా పత్తి బోరాల్లో పాతగుడ్డలు కుక్కి నిలబెట్టినా చాలు, వెనక మాత్రం ఎత్తుగా మట్టి గట్టు ఉండాలి, గట్టు వెనక డొంక ఉండకూడదు. బాణం లేకుండా నారి లాగి వదలకూడదు, విల్లు పగిలిపోతుంది. ప్రతి రౌండ్‌కు ముందు కార్బన్ బాణాన్ని ముఖానికి దూరంగా పట్టుకుని, కొద్దిగా వంచుతూ తిప్పి చెవి ఒగ్గండి. చిటచిటమంటే ఎంత ఖరీదైనదైనా విరిచి పారేయండి. పగులున్న కార్బన్ బాణం వదిలిన క్షణంలో చీలి, విల్లు పట్టిన చేతిలో దిగిన సంఘటనలున్నాయి.

ఇదంతా చేస్తే పతకాలొస్తాయా అని అడగొద్దు. జ్యోతి సురేఖ 2023 ఏప్రిల్‌లో అంటాల్యా ప్రపంచ కప్‌లో 72 బాణాలకు 720లో 713 కొట్టి అప్పటి ప్రపంచ రికార్డును సమం చేసింది. డెబ్బై రెండు బాణాలు వేసి పోగొట్టుకున్నది ఏడు పాయింట్లు. అదే ఏడాది హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు. వాటిలో రెండు, మహిళల జట్టు ఫైనల్ 230-229తో, మిక్స్‌డ్ ఫైనల్ 159-158తో, ఒక్కో పాయింటు తేడాతో వచ్చినవే. ఐదేళ్లు నిండకముందే కృష్ణానది ఈదిన పిల్ల ఆమె. ఆ గుండె అందరికీ రాదు, నేర్పించడం నాకు చేతకాదు. కానీ ఒక్క పాయింటు దగ్గర గెలుపోటములు తేలే ఆటలో, ఒక్క చెడ్డ బాణాన్ని పొదిలోంచి తీసేయడం ఎవరికైనా చేతనవుతుంది.

విల్లు పట్టనివాళ్లు ఈ అధ్యాయం మనకెందుకు అనుకోవచ్చు. ఇంట్లో ఎంట్రెన్స్‌కు చదివే పిల్లలుంటే వాళ్ల మాక్ టెస్టుల పేపర్లు తీయండి. మార్కుల వైపు చూడకండి, తప్పులు ఎక్కడ గుంపుకట్టాయో చూడండి. అన్నీ ఒకే చోట, ఒకే రకంగా పోతుంటే సంతోషించండి, ఆ ఒక్కటీ దిద్దితే చాలు. తలో దిక్కు పోతుంటే ఇంకా పుస్తకాలు కొనకండి. నిద్ర, తిండి, కూర్చునే వేళ, ఈ మూడూ రోజుకోలా ఉన్నాయేమో చూడండి. ప్రతి రోజూ ఒకే రోజులా మారితే గానీ ఏ సలహా పనిచేస్తోందో తెలియదు.

2028 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో మొదటిసారి కాంపౌండ్ విల్లుకు చోటిచ్చారు, మిక్స్‌డ్ జట్టు పోటీ రూపంలో. విజయవాడ పిల్లలు ఆ తలుపు ముందు ఎప్పటినుంచో నిలబడి ఉన్నారు. నందిగామ, పేట పిల్లలు వాళ్ల వెనకైనా నిలబడాలంటే ఖరీదైన విల్లు కోసం అప్పు చేయనక్కర్లేదు. అమ్మానాన్నలకు నేను చెప్పేది ఒక్కటే. వచ్చే ఆదివారం కోచ్ దగ్గరికి పంపేముందు, ఉన్న ఆరు బాణాలనూ తూయించి, నంబర్లు వేయించి, పిల్లాడి చేతికి ఒక నోటుబుక్కు ఇవ్వండి.